ఎండ మాత్ర

రాత్రి రెండయితే చాలు
మా ఇంటాయన మంచం దిగుతాడు.
దిగి గోడంతా తడుముతాడు, దూదేకే విల్లు కోసరం.
ఆ విల్లు పోయి పద్దెనిమిదేండ్లాయ.
నరం తెగినాక కట్టెను పొయ్యిలోకి నేనే పెట్టినా,
అగ్గిపుల్ల ఆయనే గీసిచ్చినాడు.
"యాడ పెట్టినావే? తెల్లారేలోపల మూడు పరుపులు
షరాఫ్ బజార్ సేటుకు ఇయ్యాల" అంటాడు.
సేటు సచ్చిపోయినాడని ఒక రాత్రి చెప్పినా.
అప్పుడే తెలిసినట్టు ఏడ్చినాడు.
మరుసటి రాత్రి చెప్పినా. మల్లా అప్పుడే తెలిసినట్టు ఏడ్చినాడు.
ఇంక చెప్పడం మానుకున్నా.

ఆదోనిలో సగం మందిని నిద్రపుచ్చిన చేతులవి.
పెండ్లి పరుపులు, బాలింత పరుపులు,
ఉరుసుకొచ్చే సుట్టాలకు బాడిగ బొంతలు.
టంయ్ టంయ్ మని విల్లు మోగుతాంటే
మా సందులో సంటిపిల్లోళ్లు ఉయ్యాల లేకనే తూగేటోళ్లు.
ఇప్పుడు ఆయన రెప్పల కిందికే
గుప్పెడు దూది లేదు.

మొదట ఆరెంపీ ఒక తెల్లమాత్ర ఇచ్చినాడు.
రాత్రి పండుకోలేదు, పగులు లేయలేదు.
మూడోనాడు బాత్రూము గడప మీద పడి
నుదుట ఐదు కుట్లు.
పరుపుకేసినట్టు దూరం దూరంగా ఏసినారు.
నేనైతే ఇంకా సన్నంగా ఏద్దును.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ,
మా చిన్నదాని ఈడుంటాది,
ఆ మాత్రను గీత పెట్టి కొట్టేసింది.
కొత్తది రాయలేదు.
"పొద్దున ఏడుకు లేపి ఎండలో నడిపియ్యమ్మా, అర్ధగంట."
నాకు నవ్వొచ్చింది.
ఎండకు తాళలేక మిద్దెకు సున్నం కొట్టుకునేటోళ్లం,
ఎండను చీటీ మీద రాసిచ్చినావు తల్లీ,
యా మెడికల్ షాపులో కొనాల?
ఆమె నవ్వలేదు. రాసుకుంటా పోయింది.
మధ్యాన్నం శానాసేపు పండుకోనియ్యొద్దు.
మూడైనాక టీ వద్దు.
పొద్దుగూకకముందే లైట్లెయ్యాల, నీడలకు బెదురుతాడు.
లేస్తే కొట్లాడొద్దు, పేరు పెట్టి మెల్లగా పిలువు.
చేతులకు ఏందన్నా పని చూపీ.
కడాకు తలెత్తి, "నువ్వెప్పుడు పండుకుంటావమ్మా?" అనింది.
బస్సుకు టైమైందని లేచొస్తి.

టీ మాన్పించడానికి పది దినాల యుద్ధం.
బంకుకు దోవ ఆయన కాళ్లకు తెలుసు,
నా పేరే తెలీదు గానీ.
బంకు మారెప్పకు చెప్పొచ్చినా,
సందేల వస్తే గ్లాసులో మజ్జిగ పొయ్యమని.
ఆ మజ్జిగను ఊదుకుంటా తాగుతాడు.

మార్కెట్ యార్డు కాడ బండ్ల కింద రాలిన పత్తి
రెండు గుప్పిళ్లు ఏరుకొచ్చి ఒళ్లో పెట్టినా.
గింజ తీసినాడు, పీచు విడదీసినాడు,
వెలుతురుకు పట్టి ఒక కన్ను మూసి చూసినాడు.
మరుపు మోచేతుల కాడికొచ్చి
ఆగిపోయిందప్పా.

నిన్న రాత్రీ రెండైంది. లేచినాడు.
విల్లు అడగలేదు. నన్ను చూసి,
"ఎవురింటికమ్మా పరుపు? పెండ్లికా?" అన్నాడు.
నలభైమూడేండ్ల కాపురం, చాప మీదనే.
పరుపులోళ్ల ఇంట్లో పరుపు యాడుంటాది,
కుట్టిందల్లా అమ్ముడుపాయ.
"నాకే" అంటి.
నా చెయ్యి పట్టి తూకానికి ఎత్తినట్టు ఎత్తి,
"బక్క మనిసివి, ఆరు కేజీలు చాలు.
బేరమాడొద్దు" అని
అట్లే పక్కకొరిగి నిద్రపోయినాడు.

నాలుగైంది. ఐదైంది.
ముక్కు కాడ దూదిపోగు పట్టి చూసినా, మూడుసార్లు.
కదులుతాండాది.

ఈ రాత్రి మల్లా సేటు వస్తాడేమో,
మల్లా గోడలు తడుముతాడేమో.
ఏడు కొట్టింది.
నా నోట ఎన్నడూ పలకని పేరు,
మొదట గొంతులోనే ఆగింది, మల్లా బయటికొచ్చింది.
లే, ఉసేనప్పా.
తూర్పు వాకిలి తెరిచినా.
మందు ముదురుతాది.